మా వియ్యంకుడి తాతకు తాత

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. వంశం మీద అంతకన్నా లేదు. అలాంటి నేను ఈ వసంతంలో జర్మనీ వెళ్లి, నాకేమీ కాని ఒక రైతు పుట్టుక కోసం ఒక రోజంతా చర్చి రిజిస్టర్లు తిరగేశాను. ఏడు కిలోమీటర్లు వానలో నడిచాను. ఈ సంగతి తెలిసి చీరాలలోని మిత్రులు ‘నీకేం పోయేకాలం’ అన్నారు. వాళ్లకు చెప్పిన జవాబే కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

హాంబర్గ్: ఒక ఇల్లు, ఇద్దరు తాతలు

మా అమ్మాయి ప్రగతి హాంబర్గ్‌లో ఎంఎస్ చేసి అక్కడే విమానాల కంపెనీలో ఇంజినీరుగా కుదిరింది. పక్క విభాగంలో పనిచేసే నేథన్‌ను పెళ్లి చేసుకుంది. నేథన్ అమెరికా వాడు, అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న పండించే ఇంట్లో పుట్టాడు. ముహూర్తం లేదు, మంత్రం లేదు. రిజిస్ట్రారు ముందు రెండు సంతకాలు, అంతే. ఆ పెళ్లికి నేను ఎంత పొంగిపోయానో, నేథన్ తండ్రి డేల్ అంత దిగులుపడ్డాడు. ఆయన లూథరన్ భక్తుడు, చర్చిలో పెళ్లి జరగలేదని ఆయన బాధ. కానీ మనిషి బంగారం. వియ్యంకులు ఒకరినొకరు ‘బావగారూ’ అని పిలుచుకుంటారని మా ఆవిడ సుశీల చెప్పిన రోజు నుంచీ నన్ను మరో పేరుతో పిలవలేదు. ‘బవగరూ’ అంటాడు, దీర్ఘాలన్నీ చివరికి దాచుకుని.

ప్రగతికి పాప పుట్టింది. పురిటి పనులకు మేమిద్దరం, మనవరాలిని చూడటానికి డేల్ దిగాం. డేల్ భార్య పోయి నాలుగేళ్లయింది. రెండు గదుల ఇల్లు. బయట సన్నటి వాన, ఈదురుగాలి. ఇంట్లో వెల్లుల్లి కారం వాసన. రోజు మార్చి రోజు మంత్రసాని ఇంటికే వచ్చి, పాపను గుడ్డ ఊయలలో వేసి తూచి వెళుతుంది. బాలింత గడప దాటకూడదని మనం గది తలుపులు మూస్తాం. ఆ మంత్రసాని కిటికీలు బార్లా తెరిచి, ‘గాలి తగలనివ్వండి, మనిషికి జబ్బేమీ లేదు’ అని మా ఆవిడను కసిరింది. నేను చప్పట్లు కొట్టాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అసలు గొడవ ఇంటిపేరు దగ్గర వచ్చింది. భార్యాభర్తలు ఎవరి ఇంటిపేరు వాళ్లే ఉంచుకుంటే బిడ్డకు ఏది పెట్టాలో నెల లోపు ఆఫీసులో చెప్పాలి. ప్రగతి పెళ్లయ్యాక కూడా రేగులపాటిగానే ఉంది. నేథన్‌ది ఐక్‌హోర్స్ట్. డేల్‌కు వాడొక్కడే కొడుకు.

“ఆరు తరాల పేరు బావగారూ,” అన్నాడు డేల్. “తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి వాడి కొడుక్కి. యోహాన్ హైన్రిష్ ఐక్‌హోర్స్ట్ రాజుకు తల వంచనని వందెకరాలు వదిలేసి ఓడెక్కాడు. కలలో దేవుడు పడమటి దారి చూపించాడు. ఆ పేరు నా కళ్ల ముందే ఆగిపోవాలా?”

“కలలో దారి చూపించినవాడు ఓడ టిక్కెట్టు కూడా కొనిచ్చాడా?” అన్నాను. “కన్నది మా అమ్మాయి. తొమ్మిది నెలలు మోసినదాని పేరు పెట్టకుండా ఎప్పుడో ఓడెక్కినవాడి పేరెందుకు?”

“రెండూ కలిపి పెట్టొచ్చట,” అన్నాడు నేథన్ భయపడుతూ.

“రేగులపాటి-ఐక్‌హోర్స్ట్! హాజరు పిలిచే పంతులమ్మ పాపం ఏం చేసిందయ్యా?” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

వాదన మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు పొద్దున ప్రగతి పాపను భుజాన వేసుకుని మా ఇద్దరి మధ్యా నిలబడింది. “నాన్నా, స్టాండెస్‌అమ్ట్‌లో టెర్మిన్, అదే పాప పేరు రాయించే అపాయింట్‌మెంట్, వచ్చే గురువారం. అప్పటిదాకా మీరిద్దరూ ఈ ఇంట్లో ఉంటే నాకు పాలు పడవు. డేల్ ఎలాగూ వాళ్ల తాత ఊరు చూడాలంటున్నాడు. నువ్వు తోడు వెళ్లు. ఇద్దరూ కొట్టుకున్నా సరే, చర్చిలో కొట్టుకోండి.”

అలా కూతురు గెంటేస్తే బయలుదేరిన యాత్ర ఇది.

రైలు: నోరు మూసుకోవలసిన పెట్టె

ఓస్నాబ్రూక్ దాకా రెండు గంటల ప్రయాణం. రైలు నలభై నిమిషాలు ఆలస్యం. జర్మనీ రైళ్లు గడియారంలా నడుస్తాయని మనకు చెప్పినవాళ్లెవరూ ఈ మధ్య ఎక్కినట్టు లేదు. ప్లాట్‌ఫారం మీద ఉప్పు పలుకులు అద్దిన మెలికల రొట్టె కొన్నాను. రెండు యూరోలు పైమాటే. ఆ డబ్బుకు చీరాలలో ఇద్దరం కడుపునిండా టిఫిన్ చేస్తాం. అయినా చెప్పాలి, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉన్న ఆ రొట్టె ముందు మన బేకరీ బన్ను దిగదుడుపే.

బండి కదలగానే డేల్ తన సంచీలోంచి వంశవృక్షం తీసి బల్ల మీద పరిచాడు. అన్నీ మగ పేర్లే. ఆడవాళ్లు చిన్న అక్షరాల్లో, కొమ్మలకు వేలాడే కాయల్లా ఉన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. గోత్రాలూ ప్రవరలూ చెప్పుకుని మురిసిపోయే మా దేశపు మూర్ఖత్వం మీద జీవితమంతా పోట్లాడి వచ్చానని, అదే వ్యాధి ఆయన కాగితంలో రంగు పెన్సిళ్లతో కనిపిస్తోందని గట్టిగానే చెప్పాను. ఆయన బైబిలు తీశాడు. నేను పరిణామం అందుకున్నాను. ఆదాము దగ్గర మొదలుపెట్టి ఇద్దరం గొంతు పెంచుకుంటూ పోయాం.

ఎదుటి వరసలో మేజోడు అల్లుకుంటున్న ఒక ముసలావిడ సూదులు ఒళ్లో పెట్టి, కిటికీ మీది బొమ్మ వైపు వేలు చూపించింది. పెదవుల మీద వేలు పెట్టుకున్న బొమ్మ. మాటలాడకూడని పెట్టె అది.

ఆవిడ చక్కటి ఇంగ్లీషులో అంది: “దేవుడు ఉన్నాడో లేడో ఓస్నాబ్రూక్‌లో దిగి తేల్చుకోండి. ఈ పెట్టెలో ఉండాల్సింది మాత్రం నిశ్శబ్దం.”

మిగతా దారంతా ఇద్దరం కిటికీలోంచి పొలాలు చూశాం. డేల్ మట్టి రంగు చూసి పెదవి విరిచాడు. “ఇసక నేల,” అని కాగితం మీద రాసి నా వైపు తోశాడు. “మాది నల్లరేగడి.” నేను కింద రాశాను: “మరి వందెకరాల ఆసామి ఈ ఇసకలో ఎలా బతికాడు?” ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఓస్నాబ్రూక్: రిజిస్టర్ల గది

నాస్తికుణ్ణి చర్చి మెట్లెక్కించడం తన జీవితంలో సాధించిన ఘనకార్యమని డేల్ మర్నాడు పొద్దున దారంతా చెప్పుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, చావులు రాసిన పాత రిజిస్టర్లు ఒక చర్చి భవనం వెనక గదిలో ఉన్నాయి. పాతవి ముట్టుకోనివ్వరు, తెర మీద చూడాలి. ఆ గదిని చూసుకునేది హాన్నెలోరె అనే రిటైరైన టీచరు. పొట్టి జుట్టు, మెడలో గొలుసుకు కట్టిన కళ్లద్దాలు. సాయం చేయనా అని అడిగింది.

“అక్కర్లేదండీ, నా పేరు నేను చదువుకోగలను,” అన్నాడు డేల్.

అది ఉత్త బడాయి కాదు. ఆ పాత జర్మన్ రాత మనకు కోడి కెలికినట్టు కనిపిస్తుంది. దాన్ని చదవడం కోసం ఆయన రెండు చలికాలాలు, పొలం పని లేని రోజుల్లో, కంప్యూటరు ముందు కూర్చుని బడిపిల్లాడిలా దిద్దాడట. డెబ్బై దాటిన రైతు! ఆ పట్టుదల చూసి నాకు గౌరవం కలిగింది. పైకి చెప్పలేదు.

పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా బాప్తిస్మాలు వెతికాం. నేను ఏడాది చదవడం, ఆయన పేరు చదవడం. ఐక్‌హోర్స్ట్ ఆడపిల్లలు కనిపించారు, ఐక్‌హోర్స్ట్ మగపిల్లలు ఒకరిద్దరు పుట్టి పసితనంలోనే పోయారు. యోహాన్ హైన్రిష్ మాత్రం లేడు. వెనక్కి పదేళ్లు, ముందుకు పదేళ్లు వెళ్లాం. లేడు. డేల్ ముఖం నెమ్మదిగా పాలిపోయింది. “ఊరు తప్పేమో బావగారూ,” అన్నాడు. “ఇంత దూరం వచ్చి తప్పు ఊరా?”

అప్పటికి హాన్నెలోరె టీ కప్పుతో మా వెనక నిలబడి ఉంది. “క్షమించండి, మీరు పుట్టుకలే చూస్తున్నారు. పెళ్లిళ్లు చూశారా?”

“ముందు పుట్టాలి కదండీ!”

“పుట్టే ఉంటాడు. కానీ ఆ పేరుతో పుట్టాడని ఎవరు చెప్పారు?”

ఆవిడ రెండు నిమిషాల్లో పేజీ తెరిచింది. డేల్ చదివాడు, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ. యోహాన్ హైన్రిష్ క్లూటె. ఐక్‌హోర్స్ట్ వారి పొలంలో కాపురముండే కూలీ కొడుకు. అదే పొలం హక్కుదారైన విధవరాలు ఆనా కథరీనా ఐక్‌హోర్స్ట్‌ను పెళ్లాడాడు. ఇకమీదట ఐక్‌హోర్స్ట్ అని పిలవబడును.

ఆ ప్రాంతంలో పేరు మనిషిది కాదు, పొలానిది. పొలానికి ఆడపిల్ల వారసురాలైతే ఆమెను చేసుకున్నవాడు తన ఇంటిపేరు గుమ్మం బయట చెప్పుల్లా వదిలి లోపలికి రావాలి. పుట్టే పిల్లలూ ఆ పేరే మోస్తారు. తండ్రి పేరు పట్టుకుని వెనక్కి వెతికేవాడు సరిగ్గా అక్కడ గోడకు గుద్దుకుంటాడు. అమెరికా నుంచి వచ్చేవాళ్లంతా చేసే తప్పే ఇదని హాన్నెలోరె అంది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టలేదు. మనకు తెలియనిదా?

“ఇల్లరికం!” అని అరిచాను. “బావగారూ, మీ యోహాన్ ఇల్లరికపు అల్లుడు! వందెకరాలూ ఆవిడవి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన పేరన్నారే, అది పెళ్లాం దగ్గర తెచ్చుకున్న పేరు. మీ ఆరు తరాల చెట్టు మొదట్లోనే అంటుకట్టు!”

నవ్వాను కూడా. గది గోడలు అదిరేలా నవ్వాను. జీవితంలో ఎన్నో వాదాలు గెలిచాను గాని ఇంత సాక్ష్యంతో ఎప్పుడూ గెలవలేదు. నవ్వు ఆపి చూస్తే డేల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

“అంటే నేను క్లూటెనన్నమాట,” అన్నాడు మెల్లగా. “రాత్రి మా నాన్న బతికొచ్చి ‘నువ్వెవర్రా’ అంటే ఏం చెప్పను?”

హాన్నెలోరె నా వైపు చూసిన చూపు, బడిలో నేను తినవలసిన బెత్తం దెబ్బ.

శనివారం: తెల్ల తోటకూర కాడల భోజనం

మర్నాడు ఆయన ప్రార్థన చేసుకున్నాడు, కాఫీ తాగాడు, అంతే. హాన్నెలోరె మా మీద జాలిపడి ఊరు చూపించడానికి వచ్చింది. నాకోసం కాదు, డేల్ కోసం.

ఆ కాలపు కూలీల సంగతి ఆవిడే చెప్పింది. ఆసామి పొలం మూలన కొట్టంలాంటి ఇల్లు, చారెడు నేల. బదులుగా ఆసామి ఎప్పుడు కేకేస్తే అప్పుడు సొంత పని వదిలి పరిగెత్తాలి. తన గడ్డి వానకు తడుస్తున్నా ఆసామి గడ్డి ముందు కొట్టాకే దాని వంక చూడాలి. చలికాలమంతా అవిసె నార వడికి మగ్గం నేయాలి. ఎండాకాలం కాలినడకన హాలండ్ పోయి గడ్డి కోయాలి. నడుం వంగిపోయి తిరిగొచ్చేవాళ్లట. మన పాలేరు, మన వెట్టి, మన పాలమూరు వలస, అన్నీ కలిపి ఒక మనిషి నెత్తిన పెట్టినట్టుంది. మగ్గం మాట వినగానే మా చీరాల పేటలో గుంట మగ్గాల చప్పుడు చెవిలో పడింది. తెల్లవాళ్లంతా పుట్టుకతో దొరలని అనుకునే మనవాళ్లు ఒక్కసారి ఆ కొట్టాల గురించి వినాలి. కులం లేని చోట కూడా మనిషి మనిషిని ఎలా తొక్కాలో కనిపెట్టుకున్నాడు. రాజు, చర్చి, ఆసామి ముగ్గురూ ఆ తొక్కుడుకు తలో చేయీ వేశారు.

భోజనానికి ఒక పాత సత్రంలో కూర్చున్నాం. మే నెలలో ఈ దేశమంతా ఒకే కూర కోసం వెర్రెత్తుతుంది. ష్పార్గెల్ అంటారు, అంటే ఆస్పరాగస్, తోటకూర కాడంత లావున తెల్లగా, మట్టికింద వెలుగు తగలకుండా పెంచుతారు. ఉడకబెట్టి, వెన్న కరిగించి పోసి, పక్కన బంగాళదుంపలు పెట్టి ఇరవై రెండు యూరోలు తీసుకున్నారు. ఉప్పుంది. ఇంకేమీ లేదు. నేను జేబులోంచి మా ఆవిడ కట్టిచ్చిన కంది కారప్పొడి పొట్లం తీశాను. వడ్డించే ఆవిడ చూసి గుండె మీద చేయి వేసుకుంది.

“వెన్న మీద అదేం పొడి? ఈ కాడలకు ఏడాదిలో ఎనిమిది వారాలే బతుకు సార్, ఏడిపించకండి!”

నిన్నటి నుంచి డేల్ నవ్వడం ఇదే మొదటిసారి. ఆ సందు చూసుకుని నేను చెప్పవలసింది చెప్పేశాను.

“నిన్న నేను నవ్వాల్సింది కాదు. వాదన వేరు, మనిషి వేరు. తప్పయింది.”

ఆయన కాడను కోసి, నా కారప్పొడిలో జాగ్రత్తగా అద్ది, నోట్లో పెట్టుకుని, కళ్లనీళ్లు తిరుగుతుండగా అన్నాడు: “వాదన కూడా మీరు గెలవలేదు బావగారూ. ఎందుకు వెళ్లాడో ఇంకా తెలియలేదు. పొలం ఉన్న ఆడమనిషిని చేసుకున్న కూలీ కొడుకు దాన్నెందుకు వదిలేస్తాడు? నాకు అది కావాలి.”

నిజమే. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. నవ్వేవాడికి ప్రశ్నలు తట్టవు.

ఐక్‌హోర్స్ట్ పొలం

ఊరి పేరు రాయనని అక్కడివాళ్లకు మాటిచ్చాను. పొలం ఇప్పుడు గెర్డా అనే ఆవిడ చేతిలో ఉంది. ఆదివారం చర్చి అయ్యాక రమ్మందని హాన్నెలోరె చెప్పింది. చెప్పనిదేమిటంటే, ఆదివారం ఆ ఊరికి బస్సు కావాలంటే ముందుగా ఫోన్ చేసి పిలిపించుకోవాలి. మేం బస్టాపులో గంటసేపు బుద్ధిగా నిలబడ్డాం. తర్వాత నడిచాం, వానలో. డేల్ మోకాలు పట్టేసింది. దారిలో ఒక బల్ల మీద గుడ్లు, స్ట్రాబెర్రీ బుట్టలు, పక్కన చిల్లర వేసే డబ్బా. మనిషి లేడు. పైన దేవుడు చూస్తున్నాడనా, పక్కింటివాడు చూస్తున్నాడనా ఎవరూ దొంగిలించనిది అని డేల్‌ను అడిగాను. “అలవాటు,” అన్నాడు. నాలుగు యూరోలు వేసి బుట్ట తీసుకుని తింటూ నడిచాం. ఒంగోలు రోడ్డు పక్కన ఇలాంటి బల్ల ఒకటి పెట్టి చూడాలని నా కోరిక. ముందు బల్లే పోతుందని మా ఆవిడ తర్వాత అంది.

ఆ ఇల్లు చూస్తే పెద్ద ఓడను బోర్లించినట్టుంది. నల్లటి దూలాలు, మధ్య ఎర్ర ఇటుక, గడ్డిబండి నేరుగా లోపలికి పోయేంత తలుపు. ఒకప్పుడు ఒకే కప్పు కింద ఒక చివర మనుషులు, రెండు పక్కలా పశువులు. తలుపు పైదూలం మీద చెక్కిన అక్షరాలు. ముందు ఆనా కథరీనా ఐక్‌హోర్స్ట్. ఆమె కింద యోహాన్ హైన్రిష్, పుట్టుకతో క్లూటె. డేల్ టోపీ తీసి వానలో నిలబడిపోయాడు.

గెర్డా డెబ్బై ఏళ్ల మనిషి, రబ్బరు బూట్లతోనే ఎదురొచ్చింది. వెంటనే పేర్లతో పిలుచుకుందామంది. ఆ దేశంలో అది పెద్ద ఆదరం. అంగుళం మందాన వెన్న, చక్కెర వేసి కాల్చిన పలక కేకు, కాఫీ పెట్టింది. తడిసిన నా సాక్సులు పొయ్యి మీద ఆరేసింది.

“మా తాత కూడా బయటివాడే,” అంది గెర్డా. “వచ్చి ఐక్‌హోర్స్ట్ అయ్యాడు. మా ఆయనా అంతే. ఏమయ్యా, నీ పాత పేరు గుర్తుందా?”

మూలన కూర్చున్న ఆయన పైపు తీసి, “భోజనం బావుంటే మర్చిపోతా,” అన్నాడు.

డేల్ తన ప్రశ్న అడిగాడు. రాజుకు తల వంచని కథ, కలలో దేవుడి కథ కూడా చెప్పాడు. గెర్డా నవ్వలేదు. లోపలికెళ్లి ఒక పాత ఒప్పంద పత్రం నకలు తెచ్చింది.

ఆనా కథరీనాకు మొదటి భర్త వల్ల ఒక కొడుకున్నాడు. ఆ భర్త పోయాక యోహాన్‌ను చేసుకుంది. అక్కడి పద్ధతిలో పొలం ముక్కలు చేయరు, ఒక్కరికే. మొదటి కొడుక్కి వయసు రాగానే పొలం అతనిదైంది. తల్లికీ మారుతండ్రికీ బతికినంతకాలం ఒక గది, ఒక ఆవు, పొయ్యి దగ్గర ఒక చోటు, ఫలానా చెట్టు పళ్లలో సగం. అన్నీ రాసి ఉన్నాయి. యోహాన్‌కు పుట్టిన ఇద్దరు పిల్లలకు మాత్రం ఏమీ లేదు. వాళ్లు అన్న పొలంలో కూలీలుగా, తండ్రి పుట్టిన కొట్టంలోకే తిరిగి వెళ్లాలి.

ఆ పత్రం చివర ఇంకొక పేరా ఉంది. డేల్ వేలు పెట్టి చదివాడు. “ఆనా కథరీనా ఐక్‌హోర్స్ట్ గదిని, ఆవును, పొయ్యి దగ్గరి చోటును తన ఇష్టంతో వదులుకొనుచున్నది. బదులుగా కొడుకు నలుగురికి ఓడ ఖర్చు ఇచ్చును.”

“ఆమె వెళ్లిందా?” అన్నాను నేను. “తన పొలం, తన ఇల్లు వదిలి?”

“మరి నలుగురంటే ఎవరనుకున్నారు?” అంది గెర్డా. “వెళ్లమని అతను అడిగి ఉండడు. ఏ మొహంతో అడుగుతాడు? కూలీ కొడుకు. ఆమే అని ఉంటుంది.”

“అది మీ ఊహ,” అన్నాను. అలవాటు పోదు.

“ఊహే. నాకు ఇద్దరు కొడుకులు, పొలం ఒకటి. నా ఊహకు ఆ మాత్రం విలువుంది.”



డేల్ కాగితం బల్ల మీద పెట్టాడు. తర్వాత అన్నాడు: “మా ఊరి చర్చి వెనక వాళ్ల సమాధి ఉంది. చిన్నప్పటి నుంచీ నేనే చుట్టూ గడ్డి కోస్తాను. యోహాన్ హైన్రిష్ ఐక్‌హోర్స్ట్ అని పెద్ద అక్షరాలు. కింద ‘అతని భార్య’ అని ఉంది. అంతే. ఆవిడ పేరేమిటని అరవై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు బావగారూ. ఆ పెద్ద అక్షరాల్లో ఉన్నది ఆవిడ పేరేనని...” 

దేవుడూ లేడు, రాజూ లేడు. పిల్లలు కొట్టంలో బతకకూడదని పొయ్యి దగ్గరి చోటు వదిలేసిన ఒక తల్లి ఉంది. ఇంతకంటే గొప్ప కథను ఏ ప్రవక్తా చెప్పలేదు. ఈ మాట నేను గట్టిగా అందామనుకుని, డేల్ చేయి పట్టుకుని ఊరుకున్నాను. గెర్డా ఇంకో కేకు ముక్క పెట్టింది. గెర్డా భర్త మమ్మల్ని ట్రాక్టరులో బస్టాపు దాకా దింపాడు. ఈసారి బస్సును ఫోన్ చేసి పిలిచాడు.

మళ్లీ హాంబర్గ్

సోమవారం సాయంత్రం ఇల్లు చేరాం. బూట్లు విప్పకుండానే డేల్ అంతా చెప్పాడు. క్లూటె సంగతి, కొట్టం సంగతి, నలుగురి ఓడ ఖర్చు సంగతి, ఏదీ దాచలేదు. నేథన్ తండ్రి భుజం మీద చేయి వేసి విన్నాడు. ప్రగతి పాపకు పాలిస్తూ కన్నార్పకుండా విన్నది.

“కాబట్టి అమ్మా,” అన్నాడు డేల్ చివర, “నా పట్టు వదిలేస్తున్నాను. మగవాడి పేరే నిలవాలని నేను చెప్పిన కారణం మా ఇంట్లోనే అబద్ధమైంది. పాపకు నీ పేరు పెట్టు. రేగులపాటి.”

నా ఛాతీ రెండంగుళాలు పెరిగిందని ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్లుగా సభల్లో మొత్తుకున్నది ఒక్క ప్రయాణంలో జరిగింది. ఒక అమెరికా రైతు, చర్చి మనిషి, సాక్ష్యం చూసి మనసు మార్చుకున్నాడు. “శభాష్ బావగారూ! హేతువాదమంటే ఇదే,” అన్నాను.

ప్రగతి నా వైపు తిరిగింది. “రేగులపాటి నా పేరా నాన్నా?”

“కాక మరెవరిది?”

“నీది. నీకు మీ నాన్నది. ఆయనకు వాళ్ల నాన్నది. మధ్యలో అమ్మ పేరేది? నాయనమ్మ వాళ్లమ్మ పుట్టింటి పేరు నీకు తెలుసా, చెప్పు?”

చెప్పబోయాను. మా అమ్మ పుట్టింటి పేరు నాకు తెలుసు. ఆమె అమ్మది తెలియదు. కులం తోకను కోసేశానని ఊరూరా చెప్పుకున్నవాణ్ణి, ఇంటిపేరు మాత్రం గొడుగులా పట్టుకునే తిరిగాను. అది నా మగ వంశవృక్షమే. రంగు పెన్సిళ్లు లేవు, అంతే తేడా.

“నా పేరు పెట్టాలని నువ్వు పోట్లాడుతుంటే నేనూ మురిసిపోయాను,” అంది ప్రగతి. “ఇప్పుడు చూస్తే మీ ఇద్దరి పోట్లాటా ఇద్దరు మగవాళ్ల పేర్ల కోసమే. కానీ ఒకటి ఆడమనిషిదని తేలింది కదా. మనకున్న రెండు ఇంటిపేర్లలో ఆడదాని నుంచి వచ్చింది ఆ ఒక్కటే. పాపకు అదే పెడతాను. ఐక్‌హోర్స్ట్.”

డేల్ సోఫా అంచు పట్టుకుని కూర్చున్నాడు.

“ఏమండీ,” అంది మా ఆవిడ, “జవాబు చెప్పరేం?”

“లేదు,” అన్నాను. “వెతికాను. లేదు.”

“ఇన్నాళ్లకు!” అని ఆవిడ కారప్పొడి డబ్బా మూత బిగించుకుంటూ లోపలికి పోయింది.

గురువారం అందరం కలిసి ఆఫీసుకు వెళ్లాం, అంతమంది అక్కర్లేకపోయినా. కౌంటర్లో ఉన్న ఆవిడ ఫారం చూసి, “ఐక్‌హోర్స్ట్. తండ్రి ఇంటిపేరు, కదా?” అంటూ గడిలో టిక్కు పెట్టబోయింది.

“కాదమ్మా,” అన్నాడు డేల్, ముందుకు వంగి. “ఆనా కథరీనాది.”

ఆవిడ ప్రగతిని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫారం చూసింది. “ఎవరో అర్థం కాలేదు. తండ్రి, తల్లి, రెండే ఉన్నాయి. ఇంకో గడి లేదండీ.”

“తెలుసు,” అన్నాడు డేల్. “తప్పు మీది కాదు. మా ఇంట్లోనూ ఆరు తరాలుగా లేదు.”